సికిందరాబాదు సెయింట్ ఆన్స్ కాన్వెంటు: ఒక బాలికా పాఠశాల చరిత్ర

మన భివండిలో “అమ్మాయిని కాన్వెంటులో వేసితిమి” అను మాట తరచు వినవచ్చుచుండును. అనగా పిల్ల ఇంగ్లీషు మాధ్యమమున చదువుచున్నదని అర్థము. ఆ బడి నడపువారు ఎవరైనను కావచ్చును. పిల్లల మెడలో టై, కాళ్లకు బూట్లు ఉన్నచో అది కాన్వెంటే. నిజమునకు ఆ మాటకును ఇంగ్లీషు భాషకును పుట్టుకతో వచ్చిన సంబంధమేమియు లేదు. లాటినులో ‘కన్వెంటస్’ అనగా ఒకచోట కూడుట, కూడియుండు సంఘము. వివాహమును, సొంత ఆస్తిని విడిచి, ఒక నియమమునకు లోబడి కలసి జీవించు క్రైస్తవ సన్యాసినుల నివాసమునకు ఆ పేరు ఏర్పడినది. ఆ సన్యాసినులు తమ ఆవరణలోనే బాలికలకు చదువు చెప్పుటచే బడికి కూడ అదే పేరు అంటుకొన్నది. ఇప్పుడు పేరు ఊరూర మిగిలినది కాని, దాని లోపలి సంగతి మరుగుపడినది.

ఆ లోపలి సంగతి తెలిసికొనుటకు సికిందరాబాదులో 1871లో వెలసిన సెయింట్ ఆన్స్ పాఠశాల చరిత్ర మిక్కిలి తగినది. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము ప్రాంతముల నుండి మగ్గము విడిచి, మన పెద్దలు ‘భీమండి’ అని పిలుచు ఈ పట్టణమునకు వచ్చి సాంచలు పట్టిన కుటుంబములకు అది పరాయి ఊరి కథ కాదు. ఆడపిల్ల చదువును గూర్చి మనము నేడు వేసికొనుచున్న ప్రశ్నలు అనేకము ఆ చరిత్రలో ముందే కనబడును.

కథ ఇటలీలోని టురిను నగరమున మొదలగుచున్నది. జూలియెట్ కోల్బెర్ అను ఫ్రెంచి కన్య 1786లో పుట్టినది. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి మంత్రిగా నుండిన కోల్బెర్ వంశము ఆమెది. ఆమె బాల్యముననే ఫ్రెంచి విప్లవము వచ్చి ఆ కుటుంబమును చెల్లాచెదరు చేసినది. 1806లో ఆమె టురిను నగరపు గొప్ప ధనవంతుడైన బరోలో మార్క్విసు కార్లో తాంక్రెదీని వివాహమాడినది. వారికి సంతానము కలుగలేదు. ఉన్న ధనమును ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆ దంపతులు చెప్పిన సమాధానమే మన కథకు మూలము.

జూలియెట్ మొదట చెరసాలలకు పోయినది. ఆ దినములలో స్త్రీ ఖైదీలు చీకటి గదులలో, కట్టుబట్టలు చాలక పడియుండెడివారు. ఆమె అధికారుల అనుమతి పొంది వారి నడుమ కూర్చుండి చదువుటను, పనిచేయుటను నేర్పసాగినది. ఆమె పట్టుదలను చూచి 1821లో ప్రభుత్వము చెరసాలల పర్యవేక్షణను ఆమెకే అప్పగించినది. చెరసాలకు వచ్చిన స్త్రీలను చూచిన కొలది, వీరు ఇక్కడికి రాకమునుపే ఎవరైన వీరికి నాలుగక్షరములు నేర్పియుండిన బాగుండెడిది గదా యను ఆలోచన ఆ దంపతులకు బలపడినది. కూలిపనికి పోవు తల్లుల పిల్లలను పగలంతయు కనిపెట్టుకొనుటకు తమ భవనములోనే కొన్ని గదులు విడిచిపెట్టిరి. రెండు పాళ్లు సాంచలు నడచు మన వీధులలోని తల్లులకు ఆ గదుల విలువ ఇంకొకరు చెప్పవలసిన పనిలేదు. పిదప 1834లో, బాలికల విద్యకే అంకితమగు ఒక సన్యాసినుల సంఘమును స్థాపించిరి. కన్య మరియమ్మకు తల్లియైన అన్నమ్మ పేరిట దానికి సెయింట్ ఆన్ సిస్టర్ల సంఘమని పేరు పెట్టిరి. తన కుమార్తెకు చదువు చెప్పుచున్న తల్లిగా అన్నమ్మను చిత్రించుట యూరపు చిత్రకారులకు ఆచారము. మార్క్విసు 1838లోను, జూలియెట్ 1864లోను గతించిరి. వారిలో ఎవరును హిందూదేశమును చూడలేదు.

ఇక సికిందరాబాదు. నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఆ ఊరు ఆంగ్లేయ సైన్యపు కంటోన్మెంటు. ఆ కాలపు ఆంగ్లేయ సైన్యములో ఐర్లండు దేశపు క్యాథలిక్కులు పెక్కుమంది యుండిరి. వారికొరకు డానియెల్ మర్ఫీ అను ఐర్లండు పాదరీ ప్రారంభించి 1850 నాటికి పూర్తి చేయించినదే నేటికిని నిలిచియున్న సెయింట్ మేరీ దేవాలయము. తరువాత 1855లో ఇటలీ దేశపు మిలాను మిషనరీలు హైదరాబాదునకు వచ్చిరి. వారిలోనివాడైన బర్బెరో 1870లో ఈ ప్రాంతపు క్యాథలిక్ మతాధికారి అయినాడు. ఆయన స్వదేశము టురిను చుట్టుపట్లనున్న పీడ్మాంటు సీమయే. మరుసటి సంవత్సరమే సెయింట్ ఆన్ సిస్టర్లు సికిందరాబాదునకు వచ్చి పాఠశాల తెరచిరి.

1871లో సికిందరాబాదునకు రైలు లేదు. వాడి నుండి వేసిన మార్గము 1874లోగాని తెరువబడలేదు. కావున ఆ ఇటలీ స్త్రీలు చివరి మజిలీలన్నియు రోడ్డు వెంటనే సాగించిరి. ఆ వాడి మార్గమే తరువాతి కాలమున మన నేతవారిని ఎదురు దిక్కునకు, అనగా షోలాపురమునకును, బొంబాయికిని, ఇక్కడికిని చేర్చినది. ఒకే పట్టాలమీద ఒక దిక్కునుండి బడి, ఇంకొక దిక్కునుండి కూలి ప్రయాణము చేయుట చరిత్రలో కనబడు చిత్రములలో నొకటి.

ఆ కాలమున ఆడపిల్లల చదువు ఏ స్థితిలో నుండెనో కొంచెము తలచుకొందము. పూనాలో జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులు బాలికలకు బడి పెట్టినది 1848లో. మన వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల పెట్టినది 1874లో. అనగా సెయింట్ ఆన్స్ వెలసిన మూడేండ్లకు. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో సైతము ఈ దేశపు స్త్రీలలో చదువు వచ్చినవారు నూటికి ఒక్కరైనను లేరు. బడులు పెట్టినవారందరును ఎదుర్కొన్న కష్టము ఒక్కటే: చదువు చెప్పుటకు స్త్రీలు లేరు. పురుష ఉపాధ్యాయుడు ఎంత వృద్ధుడైనను, ఎనిమిదేండ్లు దాటిన కూతురును ఆయన యెదుట కూర్చుండబెట్టుటకు తండ్రి ఒప్పుకొనెడివాడు కాడు. ఫూలేగారు ముందుగా తన భార్యకు చదువు చెప్పి ఆమెను ఉపాధ్యాయినిగా చేయుటలోని మర్మ మిదియే. 1866లో ఈ దేశమునకు వచ్చిన మేరీ కార్పెంటరు అను ఆంగ్ల విదుషి కూడ, ముందు ఉపాధ్యాయినులను తయారుచేయు పాఠశాలలు పెట్టుడని ప్రభుత్వమునకు పదేపదే చెప్పినది.

సిస్టర్ల బడులలో ఆ కష్టము మొదటినుండియు లేదు. చదువు చెప్పువారందరును స్త్రీలే. వారు సాయంకాలము ఇంటికి పోవువారు కారు. బడియే వారి ఇల్లు. వివాహమైనదని, భర్తకు బదిలీ వచ్చినదని, బిడ్డ పుట్టినదని మధ్యలో మానుకొనువారును కారు. ఒక సిస్టరుకు జబ్బు చేసిన ఇంకొకరు ఆ తరగతికి పోవుదురు. ఒక తరమువారు పోయిన ఇంకొక తరమువారు వత్తురు. ఇతరుల బడులు స్థాపకుని జీవితముతోనో, చందాదారుల ఉత్సాహముతోనో ముగిసిపోవుచుండగా కాన్వెంటు బడులు నూరేండ్లు, నూటయేబదేండ్లు నిలుచుటకు ముఖ్యకారణము ఇది యని నా అభిప్రాయము. నాటి తండ్రులు కూతుండ్రను అక్కడికి పంపుటకు ఇంగ్లీషు ఒక కారణమే. గోడ, గేటు, లోపల పగలు రాత్రి కనిపెట్టుకొనియుండు స్త్రీలు — ఇవి అంతకన్న పెద్ద కారణములు.

అయినను ఆ బడులను గూర్చి మంచి మాత్రమే చెప్పుట న్యాయము కాదు. పందొమ్మిదవ శతాబ్దపు కాన్వెంటులలో సాధారణముగా ఒకే ఆవరణలో రెండు లోకము లుండెడివి. రుసుము చెల్లించు దొరల పిల్లలకును, ఆంగ్లో-ఇండియన్ పిల్లలకును ఒక బడి. అనాథలకు, ఈ దేశపు బీద క్రైస్తవ బాలికలకు ఇంకొకటి. మొదటిదానిలో సంగీతము, ఫ్రెంచి, చిత్రలేఖనము. రెండవదానిలో చదువు, వ్రాత, లెక్కలతోపాటు కుట్టుపని. భగవంతుని యెదుట అందరును సమానులని బోధించు చోటనే భోజనశాలలు వేరుగా నుండుట నేటి కన్నులకు కష్టముగనే తోచును. మతమును గూర్చిన శంకయు తల్లిదండ్రులకు లేకపోలేదు. కాలక్రమమున క్రైస్తవ బాలికలకు మతబోధయు, ఇతరులకు నీతిపాఠమును వేరువేరుగా చెప్పు పద్ధతి ఏర్పడినది. ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందిన ఏ బడిలోను, సమ్మతిలేని విద్యార్థికి మతబోధ చేయరాదని మన రాజ్యాంగము 28వ అధికరణమున స్పష్టముగ చెప్పుచున్నది. పసిపిల్లల విషయమున ఆ సమ్మతి తల్లిదండ్రులు ఇయ్యవలసినదే.

సెయింట్ ఆన్స్ ఒంటరి ప్రయత్నమని తలపరాదు. 1842 ప్రాంతముననే కలకత్తాలో లొరెటో సిస్టర్లును, ఆగ్రాలో జీసస్ అండ్ మేరీ సిస్టర్లును, మద్రాసులో ప్రెజెంటేషన్ సిస్టర్లును పనికి పూనుకొనిరి. తెలుగుసీమ తీరమునకు ఫ్రాన్సు సరిహద్దులోని అన్నెసీ నుండి సెయింట్ జోసఫ్ సిస్టర్లు 1849లోనే వచ్చి విశాఖపట్టణమున స్థిరపడిరి. హాలెండు దేశపు జీసస్ మేరీ జోసఫ్ సిస్టర్లు 1904లో గుంటూరునకు వచ్చిరి. ఏలూరులో 1953లో సెయింట్ థెరిసా మహిళా కళాశాలను పెట్టినవారు వీరే. విజయవాడలో మారిస్ స్టెల్లా కళాశాల 1962లో వెలసినది. సెయింట్ ఆన్ సిస్టర్లు హైదరాబాదు మెహదీపట్నమున 1981లో మహిళా కళాశాలను నెలకొల్పిరి. ఒలింపిక్ క్రీడలలో 2016లో వెండి పతకమును, 2021లో కంచు పతకమును గెలిచిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి. వి. సింధు ఆ కళాశాలలో చదివినదే.

ఈ క్రమములో గమనింపదగిన మార్పు ఒకటి యున్నది. స్వాతంత్ర్యానంతరము తెల్లవారు వెడలిపోయిరి. వారి పిల్లలకని పెట్టిన బల్లలమీద మన పిల్లలు కూర్చుండిరి. బల్లకు ఎదుటివైపు కూడ మార్పు వచ్చినది. ఇటలీ నుండి సిస్టర్లు వచ్చుట తగ్గి, ఈ దేశపు యువతులే ఆ సంఘములలో చేరి ఉపాధ్యాయినులును, ప్రధానోపాధ్యాయినులును అయిరి. ఒకప్పుడు ఆ బడులలో చదివినవారే తరువాత చెప్పువారైరి. బడి ఊరికి చెందినదగుట అప్పుడు పూర్తియైనదని చెప్పవచ్చును.

ఇంత చేసినను ఆ బడి చేయని పని యొకటి కలదు. తెలుగు నడిబొడ్డున నుండియు అది తెలుగు బడి కాలేదు. దాని ఊపిరి ఇంగ్లీషు. నిజాము రాజ్యమున ప్రభుత్వపు బడులు ఉర్దూవి, కాన్వెంటులు ఇంగ్లీషువి. తెలుగు పిల్లకు తెలుగులో పై చదువు లేదు. మన తాతముత్తాతలలో పెక్కుమంది తమ భాషను వ్రాయనేర్వకయే ఇక్కడికి వచ్చుటకు కారణము వారి సోమరితనము కాదు.

ఆ లోటును తీర్చుటకు మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు 1928లో హైదరాబాదున తెలుగు మాధ్యమముతో ఆంధ్ర బాలికా పాఠశాలను పెట్టిరి. తెలుగున చదివిన పిల్లలకు పరీక్ష పెట్టుటకు ఉస్మానియా విశ్వవిద్యాలయము సిద్ధముగా లేదు. దాని బోధనభాష ఉర్దూ. అప్పుడు ఆ బడికి ఆసరా దొరికినది ఎక్కడ ననుకొన్నారు? మనమున్న ఈ మరాఠీసీమలో. ధోండో కేశవ కార్వేగారు 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము, స్త్రీలు మాతృభాషలలోనే ఉన్నతవిద్య పొందవలెనను సిద్ధాంతము గలది. హైదరాబాదు తెలుగు బాలికలు ఆ విశ్వవిద్యాలయపు పరీక్షలకు కూర్చుండిరి. 1920లో దానికి పదునైదు లక్షల రూపాయలు విరాళమిచ్చి తన తల్లి నాథీబాయి దామోదర ఠాకర్సీ పేరు పెట్టించిన విఠల్‌దాసు ఠాకర్సీ బొంబాయి నూలుమిల్లుల యజమాని. నూలువలన వచ్చిన ధనమున కొంత భాగము ఈ విధముగ తెలుగు బాలికల చదువునకును చేరినది. సంస్థలను పోల్చునపుడు నేను ఎప్పుడును ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొందును. సెయింట్ ఆన్స్ వారికి ఉపాధ్యాయినులు ఉండిరి, తెలుగు లేదు. ఆంధ్ర బాలికా పాఠశాలకు తెలుగు ఉండెను. ఉపాధ్యాయినులను వెదకికొనవలసి వచ్చినది.

కాన్వెంటు పేరు మాత్రము తగిలించుకొన్న నేటి బడులలో ఈ భాషావిషయము కొన్నిచోట్ల క్రూరముగ కూడ పరిణమించినది. 2009లో కడప జిల్లా మైదుకూరున ఒక బడిలో తెలుగు మాటాడినందులకు పిల్లల మెడలో, ఇక ఎన్నడును తెలుగు మాటాడమని వ్రాసిన పలకలు తగిలించిరని పత్రికలు ప్రకటించినవి. తెలుగుసీమలోనే ఇట్లు జరిగినపుడు, చుట్టును మరాఠీ, హిందీ, ఉర్దూ వినబడు భివండిలో పిల్ల ఇంటిభాషను దాచుకొనుటలో ఆశ్చర్యమేమి?

మనకును క్యాథలిక్ పాఠశాలలకును ఇంకొక బంధుత్వము చట్టములో నున్నది. దీనిని మన తల్లిదండ్రులు తప్పక తెలిసికొనవలెను. రాజ్యాంగపు 30వ అధికరణము మతము చేతనైనను, భాష చేతనైనను అల్పసంఖ్యాకులైనవారందరికి తమ ఇష్టమైన విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొను హక్కు నిచ్చుచున్నది. క్రైస్తవులు మతముచేత, మనము భాషచేత ఒకే వాక్యము క్రింద నిలిచియున్నాము. ఆ వాక్యమునకు అర్థము తేల్చిన వ్యాజ్యములు అనేకము క్రైస్తవ సంస్థలే నడపినవి. హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ అను క్యాథలిక్ బాలుర పాఠశాల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు 1975వ సంవత్సరపు చట్టముపై చేసిన వ్యాజ్యములో, ఆ చట్టములోని కొన్ని నిబంధనలు అల్పసంఖ్యాకుల సంస్థలకు వర్తింపవని సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెప్పినది. ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రమును బట్టి లెక్కింపవలెనని 2002లో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము టి. ఎం. ఏ. పాయ్ వ్యాజ్యమున నిర్ణయించినది. అందుచేతనే తెలంగాణలో అధికసంఖ్యాకులైన తెలుగువారు మహారాష్ట్రమున అల్పసంఖ్యాకులు.

ఆ హక్కునకు హద్దులును కలవు. గుజరాతీ పాఠశాలల పక్షమున వచ్చిన వ్యాజ్యములో 2004లో సుప్రీంకోర్టు, ఈ రాష్ట్రమున మరాఠీ నేర్పుమని ప్రభుత్వము కోరుట అక్రమము కాదని చెప్పినది. 2020లో మహారాష్ట్ర శాసనసభ అన్ని పాఠశాలలలోను మరాఠీ బోధనను నిర్బంధము చేయుచు చట్టము చేసినది. దీనికి మనము వగవవలసిన పనిలేదు. ఈ ఊరి బజారులోను, కచేరీలోను మరాఠీ రాని పిల్ల పరులపై ఆధారపడవలసివచ్చును. తెలుగు మాధ్యమపు బడికి కావలసిన పాఠ్యపుస్తకముల కొరత కూడ మనకు లేదు. 1967లో ఏర్పడిన బాలభారతి సంస్థ మరాఠీ, హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ, గుజరాతీ, కన్నడము, సింధీ భాషలతోపాటు తెలుగునను పుస్తకములు అచ్చువేయుచు వచ్చినది.

కొరత యున్నది సెయింట్ ఆన్స్ చరిత్ర మనకు చూపినచోటనే. ఆ పుస్తకములను తెలుగున చెప్పగల ఉపాధ్యాయినులు ఎక్కడినుండి వత్తురు? మనకు సన్యాసినుల సంఘము లేదు. తెలంగాణ నుండి ఒక ఉపాధ్యాయిని ఇంతదూరము వచ్చి, ఈ అద్దెలు భరించి, మరాఠీ నేర్చికొని నిలుచుట అరుదు. ఈ ఊరిలో పుట్టి, ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ మాటాడు మన బాలికలే అందులకు తగినవారు. అట్టి బాలిక పదమూడేండ్లు రాగానే ఏమగుచున్నది? ఇంటిలో చిన్నపిల్లలను చూచుకొనుటకు, కండెలు చుట్టుటకు, లేదా సంబంధము కుదిరినదని బడి మానుచున్నది. తండ్రికి ఆమె మీద ప్రేమ లేక కాదు. సాంచలు ఆగిన నెలలో బియ్యపు లెక్క ముందు వచ్చును. పైతరగతి బడి దూరమైనచో ఆమె ఒంటరిగా పోయివచ్చు త్రోవను గూర్చిన దిగులు వచ్చును. 1871లో సికిందరాబాదు తండ్రికి గోడ, గేటు ఎందుకు నచ్చినవో ఆ దిగులే నేడు మన వీధులలోను కనబడుచున్నది. నలుగురు బాలికలను ఒక పెద్దావిడ వెంట పంపుట, తల్లులు వంతులవారీగా పోయివచ్చుట వంటి ఏర్పాటులు ధనముతో పని లేనివి.

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినికి ఉండవలసిన కనీస యోగ్యతను జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010లో ప్రకటించినది. సాధారణముగా పండ్రెండవ తరగతిలో నూటికి ఏబది మార్కులతో ఉత్తీర్ణత, ఆ పిదప రెండేండ్ల ఉపాధ్యాయ డిప్లొమా, దానిపై టెట్ అను అర్హతా పరీక్ష అందు చెప్పబడినవి. ఆ లెక్క ప్రకారము నేడు మన పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న బాలికకు పండ్రెండవది ముగియుటకు ఐదేండ్లు, డిప్లొమాకు రెండేండ్లు పట్టును.